నడుం పట్టీ లోపలి లేబుల్

రెడీమేడ్ వ్యాపారంలో బట్ట అమ్ముడుపోయేది కౌంటరు దగ్గర కాదు, ట్రయల్ రూములో. లోపలికి వెళ్ళిన మనిషి అద్దంలో ముందు మొహం చూసుకుంటుంది, తర్వాత నడుం చూసుకుంటుంది, చివరికి ప్యాంటు విప్పి నడుం పట్టీలో ఉన్న లేబుల్ చూస్తుంది. ఆ లేబుల్ నచ్చితే బట్ట నచ్చినట్టే. ఈ సంగతి నాకు తెలిసిన దగ్గర్నుంచి మా కొట్టుకు ఎదురు లేదు.

మా కొట్టు వెనక గదిలో ఒక టైలరు ఉన్నాడు. పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం ఆయన పని. అందరూ ఆయన్ని బాబాయి అంటారు. కంపెనీ నుంచి సరుకు దిగగానే బాబాయి చేసే మొదటి పని, ప్యాంట్ల లేబుళ్ళు విప్పి ఒక సైజు తక్కువవి కుట్టడం. డబుల్ ఎక్సెల్ కాస్తా ఎక్సెల్ అవుతుంది. ఎక్సెల్ ఎల్ అవుతుంది. బట్ట అదే, నడుమూ అదే, ట్రయల్ రూములోంచి మాత్రం వేరే మనిషి బయటికి వస్తుంది. ఒకటి కొందామని వచ్చింది రెండు పట్టుకెళుతుంది. దీన్ని నేనెప్పుడూ మోసం అనుకోలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీ వేసినట్టు, మంచినీళ్ళు ఇచ్చినట్టు ఇదీ ఒక మర్యాదే అనుకున్నాను.

ఇంటికి మాత్రం కంపెనీ లేబుల్ విప్పని సరుకే తెచ్చేవాణ్ణి. ఇంట్లోవాళ్ళకు అమ్మేదేముంది కనక. మా ఆవిడ బడిలో లెక్కల టీచరు. కొట్టుకు రావడమే తక్కువ, వచ్చినా వెనక గదిలోకి తొంగిచూడదు.

ఆవిడకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక, మా వీధి చివర హాల్లో పొద్దున్నే జరిగే యోగా క్లాసులో చేరింది. అక్కడ నేర్పే ఆవిడ ఒకప్పుడు నర్సు. అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. మనిషి బాగా బొద్దుగా ఉంటుంది. మొదటిసారి చూసొచ్చాక నేను ఊరుకోలేకపోయాను.

"షోకేసే అలా ఉంటే లోపల సరుకు ఎలా ఉంటుందో" అన్నాను.

"ఆవిడ నేల మీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేస్తుంది. మిమ్మల్ని సోఫాలోంచి లేపాలంటే ఇద్దరు కావాలి" అంది మా ఆవిడ.

నేను వెంటనే పొట్ట లోపలికి లాక్కున్నాను. అది నాకు అలవాటు. కొట్లో గిరాకీ గుమ్మం ఎక్కితే చాలు, ఊపిరి బిగబట్టి నిలబడతాను. బట్టలమ్మేవాడు బట్టల్లో బాగుండకపోతే ఎవరు కొంటారు. "నాది ఇప్పటికీ పెళ్ళినాటి సైజే" అని కౌంటరు దగ్గర ఎవరో ఒకరితో అనకుండా కొట్టు మూసిన రోజు లేదు.

కొన్ని నెలలు గడిచాయి. ఒక రోజు ఆవిడ అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "ఏమండీ, నేనేమైనా తగ్గానా?" అని అడిగింది.

సరుకు చూసినట్టే చూశాను. ఎక్కడా తేడా కనిపించలేదు. "తగ్గావు" అన్నాను.

"నిజం చెప్పండి."

"తగ్గావు అంటుంటే."

"అయితే ఈసారి క్లాసుకు ఎక్సెల్ ప్యాంటు తీసుకురండి. పట్టిందా, సరే. పట్టకపోతే మానేస్తాను. పొద్దున్నే లేచి ఈ పాట్లు పడ్డం ఎందుకు."

మర్నాడు కొట్లో రెండు ప్యాంట్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి అప్పుడే దిగిన పెట్టెలోది, కంపెనీ ఎక్సెల్. అది ఆవిడకు పట్టదు, చూస్తేనే తెలుస్తోంది. పట్టకపోతే ఆవిడ మొహం ఎలా ఉంటుందో కూడా తెలుసు. రెండోది బాబాయి చేతిలోంచి వచ్చిన ఎక్సెల్. దాన్నే సంచిలో వేసుకున్నాను.

ఆ సాయంత్రం ప్యాంటు వేసుకుని బయటికొచ్చిన ఆవిడ, వేలు నడుం పట్టీలో దూర్చి చూపించింది. "వదులుగా కూడా ఉందండీ." తర్వాత చెల్లెలికి ఫోను చేసింది. వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఏదో కూనిరాగం తీసింది. పెట్టింది చిన్న గుడ్డముక్క, వచ్చింది ఇంత సంతోషం, నా జీవితంలో ఇంతకన్నా మంచి బేరం చెయ్యలేదనుకున్నాను.

కొత్తవాళ్ళు చేరిన రోజున నర్సమ్మ పాతవాళ్ళలో ఒకరిని నాలుగు మాటలు మాట్లాడమంటుందట. ఈసారి మా ఆవిడను అడిగింది. మా ఆవిడ లేచి, క్లాసులో చేరాక తాను ఒక సైజు తగ్గానని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారట. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. నాకూ గర్వంగానే అనిపించింది. లోపల ఎక్కడో ఏదో గుచ్చుకుంది కాని, కొట్టుకు టైమైందని బయల్దేరిపోయాను.

తర్వాతి వారం మా మరదలు వచ్చి, ఆఫీసులో ఏదో వేడుక ఉందని, బట్టలు కొనడానికి అక్కను వెంటబెట్టుకుని పెద్ద షాపుకు వెళ్ళింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మరదలు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"రండి బావా. మీ కోసమే చూస్తున్నాం" అంది. గొంతులో వెటకారం లేదు. దాంతో నాకు భయం వేసింది. మామూలుగా ఆ పిల్ల నన్ను ఏడిపించకుండా పలకరించదు.

జరిగింది తనే చెప్పింది. అక్క కూడా ఒక ప్యాంటు చూసుకుంది. ఎక్సెల్ అడిగి తీసుకుని ట్రయల్ రూములోకి వెళ్ళింది. తొడల దగ్గర ఇరుక్కుపోయింది. పైకి రాదు, కిందికి పోదు. బయట నలుగురు నిలబడ్డారు. చివరికి చెల్లెల్ని పిలిచింది. ఇద్దరూ కలిసి లాగుతుంటే కుట్టు పటపటమంది. తలుపు అవతలి నుంచి సేల్స్ అమ్మాయి, "మేడమ్, మీకు అది రాదు. డబుల్ ఎక్సెల్ ఇస్తాను, అదీ చాలకపోతే పైది చూద్దాం" అని అందరికీ వినపడేలా అంది.

"కుట్లు పోయిన ప్యాంటు కొనుక్కోక తప్పలేదు బావా" అంది మరదలు. "అక్క దారంతా నోరు విప్పలేదు."

మా ఆవిడ మంచం మీద బట్టలు పరుచుకుని కూర్చుంది. నేను తెచ్చిన ఎక్సెల్, అంతకుముందు తెచ్చిన డబుల్ ఎక్సెల్. ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచుకు అంచు కలిపింది. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. పాతదాని లేబుల్ తెల్లదారంతో కుట్టి ఉంది, కొత్తదానిది బాబాయి వాడే బూడిదరంగు దారం. బడిలో లెక్క తప్పు చేసిన పిల్లాడికి చూపించినట్టు, ఆ రెండు దారాల మీదా వేలు పెట్టింది.

"నువ్వు మానేస్తానన్నావు కదా అని..." అన్నాను.

"అంటే నేను తగ్గలేదు."



ఆవిడ లేచి, దండెం మీద ఆరిన నా ప్యాంటు తెచ్చింది. నడుం పట్టీ తిరగేసి నా ముందు పెట్టింది. అక్కడా బూడిదరంగు దారమే. నా ప్యాంట్లు మాత్రం కొట్లో సరుకులోంచే తీసుకుంటాను, కౌంటరు మీదివి. లేబుళ్ళు మార్చమని చెప్పినవాణ్ణి నేనే. అయినా నా నడుం దగ్గరికి వచ్చేసరికి ఆ లేబుల్‌నే నమ్మాను.

"పెళ్ళినాటి సైజు" అంది ఆవిడ. నవ్వలేదు. "నన్ను కూడా గిరాకీ అనుకున్నారా?" అని అడిగింది.

ఎంతమంది ఎన్ని తిట్టినా దులుపుకుని పోయే మనిషిని. ఆ ఒక్క మాటకు మాత్రం తల ఎత్తలేకపోయాను. మరదలు పక్కగదిలో ఉండి అంతా వింటోంది. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ, "మీ కొట్లో మనుషులు కూడా ఒక సైజు తక్కువే బావా" అని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మా ఆవిడ క్లాసుకు వెళ్ళలేదు. యోగా చాప చుట్ట చుట్టి తలుపు వెనక నిలబెట్టింది. కంచంలో సగం వదిలేసి లేచేది. చాలదా అంటే చాలు అనేది. నేను రెండు మూడుసార్లు కదిపి చూశాను.

"వెళ్ళొచ్చు కదా. అక్కడ ఎవరికి తెలుసు? ఎవరూ అడగరు."

"అంతమంది ముందు లేచి నిలబడి చెప్పాను. చప్పట్లు కొట్టించుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"వాళ్ళకు తెలియదంటున్నాగా."

"నాకు తెలుసుగా" అంది.

ఒకనాటి ఉదయం నేను కింద స్కూటరు తుడుస్తుంటే ఆవిడ బడికి బయల్దేరింది. మేముండేది రెండో అంతస్తు. ఆవిడ రెయిలింగు పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, ఆగి, మళ్ళీ ఇంకో మెట్టు దిగుతోంది. క్లాసులో చేరకముందు అలాగే దిగేది. మధ్యలో ఈ కొన్ని నెలలూ ఎలా దిగిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. భుజాన సంచి వేసుకుని, ఫోనులో చెల్లెలితో మాట్లాడుతూ, మామూలు మనిషిలా గబగబా దిగింది. రోజూ నా కళ్ళ ముందే దిగింది. నేను చూసింది నడుమే. అసలు సరుకు ఆవిడ చేతిలో ఉండగా, తెలియక దాని మీద కల్తీ సరుకు అంటగట్టాను. కల్తీ బయటపడేసరికి ఆవిడ రెండూ కలిపి పారేసింది.

ఆ రోజు కొట్లో ఒకావిడ ట్రయల్ రూములోంచి నవ్వుతూ వచ్చి, "చూశారా, నాకు ఎల్ సరిపోయింది" అంది. నేను మడతలు సర్దుతున్నట్టు మొహం తిప్పుకున్నాను.

మరునాడు మా ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు, తలుపు వెనక చాప తీసుకుని హాలుకు వెళ్ళాను. క్లాసు ఇంకా మొదలవలేదు. నర్సమ్మను పక్కకు పిలిచి, జరిగింది గొణుగుతూ చెప్పాను. మీరే ఎలాగోలా మా ఆవిడకు నచ్చజెప్పి పిలిపించాలి అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభమండీ? ఆవిడ చెప్పుకుంది వీళ్ళ ముందు" అంది నర్సమ్మ.

"క్లాసయ్యాక చెప్తాను."

"అయ్యాక ఎవరూ నిలబడరు, ఎవరి పనికి వాళ్ళు పరిగెడతారు. ఆఖర్లో శవాసనంలో పడుకోబెట్టేముందు చెప్పండి. అందాకా ఊరికే నిలబడకండి, అడ్డం. చాప వేసుకోండి."

బేరం ఆడడానికి లేదు. చాప వేసుకున్నాను. చేతులు పాదాలకు అందించమంటే నావి మోకాళ్ళ దగ్గర ఆగిపోయాయి. నా పక్కన ఎనభైకి దగ్గర పడ్డ తాతగారు, "మొదట్లో అంతే" అని ఓదార్చాడు. ఆయన చేతులు నేలకు ఆని ఉన్నాయి. ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళను చూశాను. ఒకరిద్దరు తప్ప అందరూ మా కొట్టు ప్యాంట్లలోనే ఉన్నారు. నేను చెప్పబోయేది ఎవరికి చెబుతున్నానో అప్పుడు అర్థమైంది.

ఆసనాలన్నీ అయ్యాక నర్సమ్మ నా వైపు చూసి తల ఊపింది. నేను లేవాలని చూసి, లేవలేక, కూర్చునే చెప్పాను.

"మా ఆవిడ ఒక సైజు తగ్గానని మీతో చెప్పింది. ఆవిడ అబద్ధం ఆడలేదు. ఆ ప్యాంటుకు తక్కువ సైజు లేబుల్ కుట్టించి ఇచ్చింది నేను. ఆవిడకు తెలియదు. తెలిశాక సిగ్గుపడి రావడం మానేసింది. సిగ్గుపడాల్సింది నేను."

ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగింది. బ్యాంకులో పనిచేస్తుంది, మా కొట్టుకు పాత గిరాకీ.

"ఆవిడ ప్యాంటు ఒక్కదానికేనా?" అని అడిగింది.

అవును అంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా.

"కాదు. మా కొట్లో అన్నిటికీ అంతే" అన్నాను.

ఒక్కొక్కరి చెయ్యే నడుం వెనక్కి వెళ్ళింది. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. బ్యాంకావిడ గోడవైపు తిరిగి పట్టీ తిరగేసి చూసుకుంది. ఆవిడ చెంపలు కందిపోయాయి. "నేను మా వదినకు నా సైజు చెప్పి మరీ..." అంటూ మధ్యలో ఆపేసింది. "మీ కొట్టు గుమ్మం మళ్ళీ తొక్కను" అంది.

"నాది మా కోడలు కుట్టింది. నాకు బాధ లేదు" అన్నాడు తాతగారు. ఎవరూ నవ్వలేదు. నేను చాప అంచు చూస్తూ కూర్చున్నాను.

"లేవండి. అది నా చాప."

మా ఆవిడ. చెప్పులు విడిచే చోట నిలబడి ఉంది, జుట్టు ఇంకా తడిగానే ఉంది. చాప కోసమే వచ్చిందో, నన్ను వెతుక్కుంటూ వచ్చిందో తెలియదు. ఎప్పటి నుంచి వింటోందో కూడా తెలియదు. నేను ముందు చేతుల మీద, తర్వాత మోకాళ్ళ మీద పడుతూ లేచాను. ఆవిడ చెయ్యి అందివ్వలేదు.

"మరి ఇన్నాళ్ళూ నీకు తగ్గిందేమిటి?" అని బ్యాంకావిడ అడిగింది. కోపం ఇంకా పోలేదు.

"మోకాలి నొప్పి" అంది మా ఆవిడ. "మెట్లు మామూలుగా దిగేదాన్ని. మానేశాక మళ్ళీ మొదలైంది. ఆ రోజు ఈ మాటే చెప్పాల్సింది."

"సరే, అందరూ పడుకోండి. టైమవుతోంది" అంది నర్సమ్మ.

మా ఆవిడ తన చాప మీద పడుకుంది. వెళ్ళిపోదామని చెప్పుల వైపు చూశాను. "దారికి అడ్డం నిలబడకండి" అంది ఆవిడ కళ్ళు మూసుకునే. నేను ఆవిడ పక్కన ఉత్త నేల మీద పడుకున్నాను. గచ్చు చల్లగా వీపుకు తగిలింది.

"పొట్ట వదిలేయండి. ఊపిరిని లోపలికి వెళ్ళనివ్వండి" అంటోంది నర్సమ్మ.

పడుకుని కూడా నేను పొట్ట బిగబట్టే ఉన్నానని అప్పుడు తెలిసింది. పక్కకు చూశాను. మా ఆవిడ పాత డబుల్ ఎక్సెల్ ప్యాంటులోనే వచ్చింది. పొట్ట మెల్లగా లేస్తోంది, దిగుతోంది. దాన్ని ఎవరి నుంచీ దాచడం లేదు. నేను మెల్లగా వదిలాను. పొట్ట పైకి లేచి చొక్కా బొత్తాం బిగిసింది, బొత్తాల మధ్య సందులోంచి గాలి తగిలింది. ముందు వరస నుంచి బ్యాంకావిడ తల తిప్పి చూసింది. నా మొహం వేడెక్కింది. మళ్ళీ లోపలికి లాక్కోబోయాను, అంతలో మా ఆవిడ ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. లాక్కోలేదు.