కుడిపక్క కుర్చీ

పాత కంపెనీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను బెల్‌ఫాస్ట్ శివార్లలో ఒక గోడౌన్‌లో కుక్కల తిండి సంచులు పేరుస్తున్నాను. పదిహేను కిలోల సంచీ భుజం మీద ఉండగానే ఫోనెత్తి, "యెస్, కెప్టెన్ షాలేమ్ రాజు స్పీకింగ్" అన్నాను. పక్కన ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు పగలబడి నవ్వాడు. వాణ్ణి కొట్టేవాణ్ణే, చెయ్యి ఖాళీ లేదు.

ఆరేళ్ళ క్రితం ఆ కంపెనీలో నేను నిజంగానే కెప్టెన్ని. రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానాలు వాళ్ళవి. డెబ్భై మంది పడతారు, ద్వీపాలకీ చిన్న ఊళ్ళకీ తిరుగుతాయి. పెద్ద జెట్ కంపెనీ రమ్మనగానే ఎగురుకుంటూ వెళ్ళిపోయాను. వెళ్ళే రోజు క్రూ రూంలో కేక్ కోసి, అందరి ముందూ, "ఇక జన్మలో ఈ ఫ్యాన్ల బళ్ళ మొహం చూడను" అన్నాను. అందరూ నవ్వారు. కిందటేడు ఒక గురువారం పొద్దున్న ఆ జెట్ కంపెనీ మూతపడింది. ఈమెయిల్ వచ్చేసరికి నేను యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఓడలు బళ్ళవుతాయని మా నాన్న దేవదానం పాస్టరుగారు ప్రతి మూడో ప్రసంగంలోనూ చెప్పేవారు. ఆయన ఇంకెవరికో చెబుతున్నారనుకునేవాణ్ణి.

పద్నాలుగు నెలలు తిరిగాను. నలభై ఆరేళ్ళ పైలట్‌ని పిలిచేవాళ్ళు లేరు. మా ఆవిడ షెరిన్ హాస్పిటల్లో నర్సు. డ్యూటీ లిస్టులో ఎవరు సెలవు పెట్టినా ఆ నైట్ డ్యూటీ తనే తీసుకునేది. పొద్దున్నే నడుం పట్టుకుని మెట్లెక్కి వస్తుంటే నేను పైజామాలో తలుపు తీసేవాణ్ణి. ఆ తలుపు తీయడం కన్నా చావు నయమనిపించిన రోజులున్నాయి. ఊరికే అంటున్న మాట కాదు.

ఇప్పుడు పాత కంపెనీ రమ్మంటోంది. కెప్టెన్‌గా కాదు. కెప్టెన్ కింద ఫస్ట్ ఆఫీసర్‌గా, కుడిపక్క కుర్చీలో, సీనియారిటీ లిస్టులో అట్టడుగున. అదీ సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే విమానంలా ఊగే యంత్రంలో, ఒక పరీక్ష నెగ్గితే. తప్పితే అదే రోజు ఇంకొక్కసారి చేయనిస్తారు. మళ్ళీ తప్పితే ఏడాది దాకా గుమ్మం తొక్కకూడదు. ఏడాది పోయాక ఎవరూ పిలవరని వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. గతిలేనమ్మకు గంజే పానకం. వస్తానన్నాను.

పరీక్షకి రెండు వారాల గడువుంది. అటక మీద నుంచి పాత పోస్టర్ దింపాను. కాక్‌పిట్ మొత్తం అసలు కొలతల్లో అచ్చేసిన కాగితం అది. పైలట్లందరూ ఇళ్ళలో దాని ముందు కూర్చునే చేతులకు నేర్పుకుంటారు. బాక్స్ రూం అనే చిన్న గది గోడకి దాన్ని అంటించి, ఎదురుగా ఒక కుర్చీ, ఒక స్టూలు వేసి, మధ్యలో ఇస్త్రీ బల్ల పెట్టాను. దాని మీద థర్మోకోల్ ముక్కలో షెరిన్ అట్లకాడలు రెండు గుచ్చాను. అవి ఇంజిన్లు ఆపే లీవర్లు. ఎడమది ఒకటో ఇంజిన్‌కి, కుడిది రెండోదానికి.

గాల్లో ఒక ఇంజిన్ చెడిపోతే చేసే పనికి ఒక పద్ధతుంది. ఒక పైలట్ విమానాన్ని నిలబెడతాడు. రెండోవాడు చెడిన ఇంజిన్ లీవరు మీద చెయ్యి వేసి, "ఫలానా ఇంజిన్, కన్ఫర్మ్?" అని అడుగుతాడు. మొదటివాడు ఆ చెయ్యి ఎక్కడుందో కళ్ళతో చూసి "కన్ఫర్మ్డ్" అంటాడు. అప్పుడే లాగాలి. ఆ మాట రాకముందే లాగి, బతికున్న ఇంజిన్‌ని ఆపేస్తే ఇక రెండూ లేనట్టే.

"మా వార్డులో మార్ఫిన్ ఇచ్చేటప్పుడూ ఇంతేనండి" అంది షెరిన్. "ఇద్దరం సీసా చూడాలి, ఇద్దరం సంతకం పెట్టాలి."

"అయితే నీకు తెలిసిన పనేగా. కూర్చో. నేను అడుగుతా, నువ్వు చూసి కన్ఫర్మ్ అను."

రోజూ డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా, టీ కప్పు ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చునేది. మొదటిరోజే ఒక మాట అడిగింది.

"ఏవండీ, మీది కుడిపక్క సీటన్నారు గదా. ఎడమపక్క కూచున్నారేంటి?"

"కుడిపక్క బాయిలర్ అల్మరా అడ్డు. కాళ్ళు పట్టవు."

"మరి నాకు పడుతున్నాయిగా?"

"బండి ఒకటేనే తల్లీ. ఎటు కూచుంటే ఏంటి. నువ్వు ఆ చెక్‌లిస్టు కాగితాలు చదువు."

అల్మరా అన్నది సాకు. పన్నెండేళ్ళు ఎడమపక్క, కెప్టెన్ కుర్చీలో కూర్చున్నవాణ్ణి. మా ఇంట్లో, మా గోడ ముందు, ఎవరూ చూడని చోట కూడా ఆ స్టూలు మీద కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. సీటు మారితే చేతికి లెక్క తారుమారవుతుంది. ఎడమ నుంచి చూస్తే దగ్గరున్న లీవరు ఒకటోది, అవతలది రెండోది. కుడి నుంచి చూస్తే దగ్గరదే రెండోది. ఇది నాకు తెలియక కాదు. చేతికి చెప్పలేదు, అంతే.

సిమ్యులేటర్ సెంటర్ కేంబ్రిడ్జ్‌కి అరగంట దూరంలో ఒక ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉంది. లోపల కాక్‌పిట్, బయట ఇనుప కాళ్ళ మీద ఊగే పెద్ద డబ్బా. పరీక్ష చేసే ఆవిడ పేరు మోరీన్, కొత్త మనిషి. కెప్టెన్ సీట్లో కూర్చోవడానికి కంపెనీ ఎవర్ని పంపిందో చూశాక వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది.

వాడి పేరు ఆదర్శ్. లీసెస్టర్‌లో పుట్టి పెరిగిన తెలుగబ్బాయి. ఎనిమిదేళ్ళ క్రితం నా పక్కన కూర్చునే పని నేర్చుకున్నాడు. ఒకసారి ఒక ద్వీపంలో దిగబోతూ నేను ఎత్తు తప్పు పెట్టాను. వాడు చూశాడు కానీ చెప్పలేదు. కింద కంట్రోల్ వాళ్ళు పట్టుకున్నారు. దిగాక కార్ పార్కులో నిలబెట్టి, "నోట్లో ఏం పెట్టుకున్నావురా, కళ్ళతో చూసింది నోటితో చెప్పలేవా" అని అచ్చ తెలుగులో కడిగేశాను. వాడికి అర్థమైంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తప్పు పెట్టింది నేనని నాకు అప్పుడు తోచలేదు. ఇప్పుడు వాడి భుజాల మీద నాలుగు పట్టీలు.

"హలో అంకుల్" అన్నాడు. అప్పట్లో కెప్టెన్ రాజు అనేవాడు. మర్యాదకే అన్నాడు, తెలుసు, అయినా ఎక్కడో కాలింది. "డోంట్ వరీ. యూ నో దిస్ ఎయిర్‌క్రాఫ్ట్."

"నాకు తెలీదా ఏంటి" అన్నాను.

పదిన్నరకి మొదలుపెట్టాం. ఆదర్శ్ నడుపుతున్నాడు, నేను కుడిపక్క. నేల వదిలిన కాసేపటికే మోరీన్ వెనక నుంచి రెండో ఇంజిన్‌ని చంపేసింది. డబ్బా ఒక పక్కకి గుంజుకుంది, గంట మోగింది. ఆదర్శ్ నిబ్బరంగా నిలబెట్టి, ఇంజిన్ ఆపమన్నాడు. నా చెయ్యి లేచింది. రెండు వారాలుగా అట్లకాడల దగ్గరకి వెళ్ళిన చెయ్యి. అవతలది రెండోదని దానికి తెలుసు. అవతల లీవరు పట్టుకుని, "రెండో ఇంజిన్, కన్ఫర్మ్" అన్నాను. అంటూనే లాగేశాను.

ఆదర్శ్ నోరు తెరిచేలోపే అయిపోయింది. అన్ని లైట్లూ ఎర్రగా వెలిగాయి. రెండు ఇంజిన్ల చప్పుడూ పోయింది. అద్దంలో పొలాలు పైకి లేచి వస్తుంటే మోరీన్ తెర మీది బొమ్మ ఆపేసింది. నిజం విమానమైతే డెబ్భై మంది.

"ట్వెంటీ మినిట్స్. టీ తాగి రండి. దెన్ వన్ రిపీట్" అంది.

టీ తాగలేదు. కార్ పార్కులోకి వచ్చి షెరిన్‌కి ఫోన్ చేశాను. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చిన మనిషి పడుకుని ఉండాలి. ఒక్క రింగుకే ఎత్తింది.

"ఏమైందండీ?"

"ఏమైందా? తప్పు ఇంజిన్ ఆపాను. జవాబు రాకుండానే లాగేశాను. ఎందుకో తెలుసా? ఇంట్లో నాకు ఆగే పనే లేదు. నేను అడక్కముందే కన్ఫర్మ్ కన్ఫర్మ్ అని పడేసేదానివి. నిద్రమత్తులో నువ్వు కళ్ళు తెరిచి చూస్తేగా. నీవల్లే పోయింది నా ఉద్యోగం."



"నిద్రమత్తు కాదండి" అంది. "చూశాను. మొదటి వారంలోనే మూడుసార్లు తప్పు దానిమీద పెట్టారు చెయ్యి. ఒకసారి కాదండీ అన్నాను, గుర్తుందా? చేతిలో కాగితాలు గోడకేసి కొట్టారు. రెండ్రోజులు అన్నం తినలా, నాతో మాటాడలా. మర్నాడు నేను డ్యూటీకి వెళ్తుంటే మీరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఆ నిలబడ్డం చూసి భయమేసిందండి. వార్డులో బెడ్డు బెడ్డుకీ మీరే కనపడ్డారు."

కార్ల మధ్య నడుస్తున్నవాణ్ణి ఒక బోర్డు దగ్గర ఆగాను.

"అప్పట్నించి మీ మొహం చూసి కన్ఫర్మ్ అన్నాను. చెయ్యి చూసి కాదు. వార్డులో ఆ పని చేస్తే నా రిజిస్ట్రేషన్ తీసేస్తారు. తీసెయ్యాలి కూడా. ఇంట్లో మాత్రం కాదు అనే ధైర్యం నాకు రాలేదండి. కాదంటే మీరేమైపోతారోనని."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఏడ్చాను. నలభై ఆరేళ్ళవాణ్ణి, విజిటర్స్ పార్కింగ్ అన్న బోర్డు పట్టుకుని ఏడ్చాను. పరీక్ష పోయిందని కాదు. నా ఇంట్లో నాకు కాదని చెప్పే దిక్కు లేకుండా చేసుకున్నానని. కోపం మగవాడికి అలంకారమనుకుని బతికాను. ఆ కోపానికి మొదట ఆదర్శ్ నోరు మూతపడింది, ఇప్పుడు మా ఆవిడ నోరు మూతపడింది.

"లోపలికెళ్ళండి" అంది షెరిన్. "టైమవుతుంది. నేను ప్రార్థన చేసుకుంటాను."

మళ్ళీ కుడిపక్క కూర్చుని బెల్టు బిగించుకున్నాను. ఎడమది ఒకటి, కుడిది రెండు, ఎడమది ఒకటి, కుడిది రెండు. పెదాలు కదపకుండా అనుకుంటూనే ఉన్నాను. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇదే ఆఖరు. ఇది పోతే రేపు కుక్కల తిండి, ఎల్లుండి కుక్కల తిండి, రోజూ పొద్దున్నే ఆ తలుపు.

ఈసారి మోరీన్ ఒకటో ఇంజిన్ చంపింది. ఆదర్శ్ నిలబెట్టాడు, ఆపమన్నాడు. నా చెయ్యి వెళ్ళి ఒక లీవరు మీద పడింది.

"ఒకటో ఇంజిన్. కన్ఫర్మ్?"

ఆగాను. జవాబు లేదు. ఒక క్షణం, రెండో క్షణం. వేళ్ళు లాగెయ్యమంటున్నాయి. తల తిప్పి చూశాను. ఆదర్శ్ నా చేతిని చూడటం లేదు. నా మొహం చూస్తున్నాడు. నాలుగు పట్టీలున్న కెప్టెన్, ఆ కార్ పార్కులో నిలబడ్డ కుర్రాడి చూపే చూస్తున్నాడు. రెండు వారాలు నా పక్క స్టూలు మీద నుంచి షెరిన్ నన్ను చూసిన చూపు కూడా ఇదే అయ్యుంటుంది. నేనే ఎన్నడూ తల తిప్పలేదు.

కాక్‌పిట్‌లో ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదు. అది రూలు. అప్పటిదాకా లీవర్ల మాటలన్నీ ఇంగ్లీషులోనే అన్నాను. నాకు తెలుగే వచ్చింది.

"నా మొహం చూడకు నాయనా. చెయ్యి చూడు."

చూశాడు.

"నెగెటివ్" అన్నాడు. "రాంగ్ ఇంజిన్, అంకుల్."

వంగి చూసుకున్నాను. మళ్ళీ తప్పే. నా చెయ్యి దగ్గరున్నదాని మీద, బతికున్న రెండోదాని మీద ఉంది. దాన్ని అక్కణ్ణుంచి తీయడానికి నాకు పట్టినంత సేపు ఏ పనికీ పట్టలేదు. "థాంక్యూ" అన్నాను. అవతల లీవరు మీద పెట్టాను. "ఒకటో ఇంజిన్. కన్ఫర్మ్?"

"కన్ఫర్మ్డ్."

లాగాను. మిగిలిన ఒక్క ఇంజిన్‌తో చుట్టి వచ్చి దిగాం.

మోరీన్ కాగితాల మీద చాలాసేపు రాసింది. నేను నా బూట్లు చూసుకుంటూ కూర్చున్నాను. "మధ్యలో ఏదో అన్నాడే, ఏంటది?" అని ఆదర్శ్‌ని అడిగింది.

"హీ టోల్డ్ మీ టు లుక్ ఎట్ హిజ్ హ్యాండ్" అన్నాడు వాడు.

ఆవిడ పెన్ను మూసింది. చెయ్యి రెండుసార్లూ తప్పే వెళ్ళిందంది. కానీ రెండోసారి ఆగిందంది. ఆగే చేతికి మిగతాది నేర్పవచ్చు, ఆగని చేతికి ఏమీ నేర్పలేమంది. ఇంకో మూడు సెషన్లు కుడిపక్క సీట్లో చేయాలి, కాక్‌పిట్‌లో ఇంగ్లీషే మాట్లాడాలి, మంగళవారం నుంచి రావాలి. ఉద్యోగం వచ్చిందని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది.

గేటు దాకా ఆదర్శ్ వచ్చాడు. "సారీరా" అన్నాను. ఇవాళ్టికి కాదని వాడికి తెలుసు. "ఇట్స్ ఓకే అంకుల్" అన్నాడు, కళ్ళు తిప్పుకుని. ఓకే కాదని నాకూ తెలుసు.

మర్నాడు పొద్దున్న షెరిన్ డ్యూటీ దిగి వచ్చేసరికి బాక్స్ రూంలో ఎడమపక్క నా కుర్చీ ఆవిడకి వదిలి, నేను కుడిపక్క, బాయిలర్ అల్మరా పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. మోకాళ్ళు అల్మరా తలుపుకి కొట్టుకుంటున్నాయి. వచ్చి కుర్చీలో కూర్చుంది. టీ కప్పు ఒళ్ళో పెట్టుకుంది.

అవతలి అట్లకాడ మీద చెయ్యి వేసి, "రెండో ఇంజిన్. కన్ఫర్మ్?" అన్నాను.

అలవాటుగా నా మొహం వైపే తల తిప్పింది. అంతలో ఆగి, కళ్ళు దించి నా చెయ్యి చూసింది.

"కాదండి" అంది.

అన్నాక నా మొహం వైపు చూడలేదు.