ఒక్కసారే వాడినది

ఆ ఆదివారం నేను చేయాల్సిన పనులు ఇవి. గాలపు కర్రలు మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. ఉప్పు పట్టిన రీళ్లకు నూనె వేయాలి. లంగరు తాడు చుట్టి కట్టాలి. రేవులో నాన్న పడవ నిలిపే చోటును ఇంకొకరికి వదిలేస్తున్నట్టు ఆయన చేత సంతకం పెట్టించాలి. సామాను మొత్తం ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాలి. కొనడానికొచ్చినవాళ్లు బేరమాడుతుంటే నాన్న చెవిన పడకుండా చూడాలి. చేపల టీవీ లోపల ఉన్నదంతా చెరిపించాలి.

చేపల టీవీ అన్నది నాన్న పెట్టిన పేరు. పడవలో బిగించుకునే చిన్న తెర అది. కింద ఎంత లోతుందో, చేపలున్నాయో లేవో చూపిస్తుంది. వెళ్లిన చోట్లను దాచిపెట్టుకుంటుంది కూడా. ఒక్కో చోటికి ఒక్కో బొమ్మ. చేపలు దొరికిన చోట చేప బొమ్మ, ప్రమాదమున్న చోట పుర్రె బొమ్మ పెట్టుకోవచ్చు. మళ్లీ ఎప్పుడైనా ఆ బొమ్మ మీద వేలు పెడితే దారి చూపిస్తుంది. ముప్పై ఏళ్లు తిరిగి తెలుసుకున్న చోట్లన్నీ నాన్న అందులో పెట్టుకున్నాడు. సొంత తమ్ముడు అడిగినా చెప్పలేదు.

నాన్న కుడిచేయి వణకడం మొదలయ్యాక, ఒంటరిగా సముద్రం మీదికి వెళ్లొద్దని డాక్టరు తేల్చి చెప్పేశాడు. పడవ ముందే అమ్ముడుపోయింది. మిగిలిన సామాను సంగతి నాకు అప్పజెప్పారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి కరెంటు బిల్లు దగ్గర్నుంచి ఆన్‌లైన్ అమ్మకం దాకా అన్నీ డిగ్రీ పనులే.

"ఆ గాలాల పెట్టె పెట్టిన చోట నాకో కుర్చీ వేయమని పెళ్లయిన కొత్తలో అడిగాను. మొత్తానికి ఖాళీ అవుతోంది" అంది అమ్మ. నవ్వుతూనే అంది గానీ, తుడిచిన రీలునే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

మధ్యాహ్నం ఒకతను వ్యానులో వచ్చాడు. వాడిన చేపల సామాను కొని, మెరుగుపెట్టి, ఆన్‌లైన్‌లో అమ్ముకునే మారుబేరం అతనిది. మాట చాలా మెత్తన. నన్ను అక్కా అన్నాడు, నాన్నను బాబాయ్ అన్నాడు, గుమ్మం దగ్గర పడుకున్న పిల్లిని కూడా బంగారం అన్నాడు. అన్నీ ఒక్కడే కొంటానన్నాడు.

చేపల టీవీని అందిస్తూ నాన్న చేయి వెంటనే వదల్లేదు.

"లోపల ఒక్కటి కూడా ఉండకూడదు బాబూ. అంతా చెరిపేయాలి."

"అదే మొదటి పని బాబాయ్. ఇంటికెళ్లి కరెంటు పెట్టగానే."

మేమే చెరిపేద్దామంటే బ్యాటరీ పడవతో పాటే పోయింది. అది లేనిదే తెర వెలగదు. వ్యాను సందు మలుపు తిరిగాక నేను లోపలికొచ్చి, నా కాగితంలో చివరి పని పక్కన కూడా టిక్కు పెట్టుకున్నాను. ఇంకొకడి నోటిమాటకు నేను టిక్కు పెట్టాను.

నేను పనిచేసేది నీటి బిల్లుల ఆఫీసులో. కౌంటర్ అద్దానికి అర్ధచంద్రాకారంలో ఒక కన్నం ఉంటుంది. దాంట్లోంచి జనం తిట్లు లోపలికొస్తాయి, నా రసీదులు బయటికెళ్తాయి. కొన్ని వారాల తర్వాత ఒకరోజు భోజనం వేళ, మీటర్లు చూసే మా ఉద్యోగి ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. సెలవొస్తే గాలం పట్టుకుని రేవు గట్టున కూర్చునే మనిషి.

"మేడమ్, మీ నాన్నగారి చోట్ల కోసం రేవులో సగంమంది ఆయన చుట్టూ తిరిగేవాళ్లు. ఇప్పుడు పార్శిల్ చేసి పంపిస్తున్నారేంటి?"

చూశాను. మా చేపల టీవీ. పగిలిన మూలకు నాన్న చుట్టిన నీలం టేపు అలాగే ఉంది. కింద ఇలా రాసుంది: 'ముప్పై ఏళ్లు సముద్రాన్ని ఏలిన జాలరి సొంత చోట్లు లోపలే ఉన్నాయి. చెరపలేదు. మీరు వెతకనక్కర్లేదు. చేప బొమ్మ ఉన్న చోటికి వెళ్లి గాలం వేయడమే.' దాని పక్కన ఎర్రగా, అమ్ముడైపోయింది అని ఉంది.

ఒళ్లు మండిపోయింది. నాన్న జన్మంతా దాచుకున్నదాన్ని నా చేతులతో నేనే ఇచ్చి పంపానే అనిపించింది. సెలవు రాసిచ్చి ఇంటికొచ్చాను. దారి పొడవునా నాన్నకు ఎలా చెప్పాలా అనే ఆలోచించాను. అరుస్తాడు, అరవనీ అనుకున్నాను.

నాన్న పెరటి మెట్టు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించాలని చూస్తున్నాడు. చేయి నిలవడం లేదు. చెప్పాను. అరవలేదు. సూది కింద పడిపోయింది. వెతుక్కోలేదు.

"ఎవరు కొన్నారు?"

"తెలీదు. నీ చోట్లన్నీ ఇంకొకడికి..."

"చోట్ల సంగతి కాదమ్మడూ. కొన్నవాడికి సముద్రం తెలుసా?"

నాకర్థం కాలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"చేప బొమ్మ దగ్గర చేపలేం లేవు" అన్నాడు నాన్న. "కోర ఉంది."

కోర ఏమిటో మా రేవులో తెలియనివాళ్లు లేరు. నీళ్లలో మునిగి ఉండే రాయి. పోటు మీద నీళ్లు నిండుగా ఉన్నప్పుడు దాని జాడే తెలియదు. ఆటుకు నీళ్లు తీయడం మొదలయ్యాక, అప్పటిదాకా మెల్లగా వస్తున్న అల దాని మీదికి రాగానే గోడలా లేచి విరుగుతుంది. దాని మీద లంగరు వేసిన పడవకు తప్పించుకునే సమయం ఉండదు.

నాన్న నేలను చూస్తూ చెప్పాడు. ఎప్పుడో ఒకసారి ఇంజను బాగుచేయడానికొచ్చిన మెకానిక్కు తెర తెరిచి, ఆయన చోట్లన్నీ రాసుకుని వేరే పడవలకు అమ్ముకున్నాడట. అప్పట్నుంచి నాన్న బొమ్మలు తిరగేశాడు. చేపలున్న చోట పుర్రె. రాయి ఉన్న చోట చేప.

"ఆయనకన్నీ కంఠతా వచ్చు కాబట్టి సరిపోయింది" అంది అమ్మ నాతో. తర్వాత నాన్న వైపు తిరిగింది. "నాకూ చెప్పలేదు. ఇన్నేళ్లు ఒక కంచంలో తిన్నాం."

"దొంగచాటుగా చూసినవాడు వల చింపుకుని, నన్ను తిట్టుకుంటూ వస్తాడు, అంతే అనుకున్నా. రేవులో ఎవడికైనా నీళ్ల రంగు చూస్తే తెలిసిపోతుంది. ఆమడ దూరంలోనే వెనక్కి తిరుగుతాడు."

"తెలియనివాడైతే?" అన్నాను.

నాన్న లేచి చెప్పుల కోసం చూశాడు. కాళ్లకే ఉన్నాయి.

మారుబేరగాడి గది ఒక మెకానిక్ షెడ్డు వెనకాల ఉంది. లోపల ట్యూబులైటు. గోడకు వరసగా రీళ్లు, ఒక మూల రంగు వెలిసిన లైఫ్ జాకెట్లు, బల్ల మీద పాలిష్ డబ్బా, టూత్‌బ్రష్‌లు. అతను ఎవరిదో గాలపు కర్రకు ఉన్న పేరును గరుకు కాగితంతో అరగదీస్తున్నాడు.

"రా అక్కా. బాబాయ్, కూర్చో. టీ తెప్పించనా?"

"చెరుపుతానన్నావు" అన్నాను.

"చెరిపేస్తే అది ఉత్త పెట్టె అక్కా. ఎవడు కొంటాడు? అందరూ చేసేదే ఇది. ఇల్లు కొంటే బావి కూడా వస్తుంది కదా."

నాన్న బొమ్మల సంగతి చెప్పాడు. అతను నవ్వాడు.

"బాగుంది బాబాయ్ కథ. వస్తువు వెనక్కి కావాలంటే అడగొచ్చుగా, ఇంత తిప్పడమెందుకు?"

"ఎవరికిచ్చావో చెప్పు బాబూ."

"కస్టమర్ వివరాలు బయటపెట్టకూడదు. నమ్మకం మీద నడిచే వ్యాపారం."

నాన్న తన వణికే చేతిని బల్ల మీద పెట్టాడు. దాంతో పాలిష్ డబ్బా మూత గలగలలాడింది. ఆ చప్పుడు అలా వస్తూనే ఉంది. మారుబేరగాడి ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

"రిటైరైన బస్సు డ్రైవరు" అన్నాడు. "మంచి మనిషి. ఒకటికి మూడుసార్లు ఫోన్ చేశాడు, బొమ్మలు కరెక్టేనా అని."

"నువ్వేమన్నావు?"

"కరెక్టే అన్నాను. నాకేం తెలుసు?" గొంతు పెంచాడు. "అబద్ధాలు పెట్టింది మీ నాన్న. నన్నడుగుతారేంటి?"

నేను ఏదో అనబోయాను. నాన్న నా భుజం పట్టుకుని ఆపాడు.

"నిజమే. అబద్ధం నాది. నువ్వు అమ్మావు. ముందు ఫోన్ చెయ్యి."

చేశాడు. మోగలేదు. అందుబాటులో లేరు అంది ఫోను. అడ్రసు చీటీ నా చేతికిస్తున్నప్పుడు అతను అక్కా అనలేదు.

డ్రైవరుగారి ఇల్లు బస్సు డిపో వెనక వరసలో ఉంది. గుమ్మం పక్కన చిన్న అద్దం, బస్సుకు ఉండేలాంటిది, గోడకు బిగించి ఉంది. ఎవరొస్తున్నారో లోపల్నుంచే కనిపించేలా. ఆయన భార్య తలుపు తీసింది.

"పిన్నీ, బాబాయ్‌గారు ఉన్నారా?"

"పొద్దున్నే సముద్రం మీదికి వెళ్లారమ్మా. ఇవాళే మొదలు. కొత్త పడవ." ఆమె మమ్మల్ని మార్చి మార్చి చూసింది. "ఎందుకలా ఉన్నారు? భయపడాల్సిందేం లేదు, ఆయనకు జాగ్రత్త ఎక్కువ. ఉద్యోగమంతా బండికి గీత పడనివ్వలేదు. తెలియని రూట్లో వేస్తే డ్యూటీ కూడా దిగిపోయేవారు. అందుకే ఈసారి తెలిసిన దారి కొనుక్కున్నారు."

నాన్న వెనక్కి తిరిగి పరుగు లాంటిది మొదలుపెట్టాడు. ఆయన పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు.

రేవులో ఎవరి పడవ ముందు దొరికితే అందులోకి ఎక్కాడు. అది ఒకప్పుడు ఆ మెకానిక్కు దగ్గర ఆయన చోట్లు కొనుక్కున్నవాడి పడవ. ఇద్దరూ చాలా ఏళ్లుగా మాట్లాడుకోరు. "ఎక్కడికి?" అన్నాడతను. "కోరకి" అన్నాడు నాన్న. అంతే, అతను తాడు విప్పేశాడు.

నీళ్లు అప్పటికే తీసి ఉన్నాయి. గట్టు రాళ్లకు తడి చార కనిపిస్తోంది. డ్రైవరుగారి భార్య మా వెనకే వచ్చి గట్టు మీద నా పక్కన కూర్చుంది. నేను అంతా చెప్పేశాను. దాయడం చేతకాలేదు. ఆమె మొత్తం విని, "చేప బొమ్మ అనే చెప్పారు ఆయన. చేప బొమ్మ దగ్గరికే వెళ్తానన్నారు" అంది. నేను వేరే ఎవరి గురించో పొరపాటు పడుతున్నానన్నట్టు మళ్లీ అదే మాట చెప్పింది.

సాయంత్రానికి పడవను తిరగబడినది తిరగబడినట్టే లాక్కొచ్చారు. ఆయన్ను వెనక పడవలో తెచ్చారు. లైఫ్ జాకెట్ బక్కిళ్లన్నీ సరిగ్గా పెట్టి ఉన్నాయి. ఆయన పోయింది మునిగి కాదు. రాయి తలకు తగిలింది. నాకు ఏడుపు రాలేదు. చేతిలో బ్యాగు ఉందా లేదా అని పదేపదే తడుముకున్నాను.

పోలీసులు వచ్చారు, అడిగారు, రాసుకున్నారు. నాన్న ప్రతి ఒక్కరికీ, అడగనివాళ్లకి కూడా, బొమ్మలు తిరగేసింది తనేనని చెప్పాడు. వాడిన సామాను అమ్మడం నేరం కాదన్నారు. సొంత యంత్రంలో తనకిష్టమైన బొమ్మ పెట్టుకోవడం కూడా కాదన్నారు. మాట ఇచ్చి చెరపకపోవడానికి ఏ సెక్షనూ లేదన్నారు. అలా అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

నాన్న అన్నం తగ్గించేశాడు. అమ్మ కుర్చీ తెచ్చి ఆ ఖాళీ చోట వేసింది గానీ, ఎవరూ కూర్చోలేదు.

ఆ సీజను అయిపోతుండగా మీటర్ల ఉద్యోగి మళ్లీ ఫోన్ తెచ్చాడు. ఈసారి జోకు వేయలేదు. కన్నంలోంచి లోపలికి తోసి అవతలికి వెళ్లిపోయాడు.

నీలం టేపు. అదే తెర. డ్రైవరుగారి ఇంటివాళ్లు ఇక చూడలేక పడవ సామానంతా ఎవరికో ఇచ్చేశారట. ఎవరికిచ్చారో ఫొటో కింద రాత చూస్తే తెలిసిపోయింది. ముప్పై ఏళ్ల జాలరి, సొంత చోట్లు, చేప బొమ్మ, అన్నీ అక్షరం మారకుండా ఉన్నాయి. మొదట్లో ఒక్క ముక్క మాత్రం కొత్తది.

'కొత్తదాని లెక్కే. ఒక్కసారే వాడినది.'

కౌంటర్ అవతల ఒకాయన రసీదు కోసం అద్దం మీద తడుతున్నాడు. నాకు వినిపిస్తోంది. చేయి కదల్లేదు.

నేనే కొన్నాను, నా పేరుతోనే. చూసి ఆగుతాడేమో, ఫోన్ చేస్తాడేమో అనుకున్నాను. రెండు రోజుల్లో పార్శిల్ వచ్చింది. లోపల అచ్చేసిన కార్డు: 'థాంక్యూ అక్కా. హాయిగా చేపలు పట్టండి.'

మీటర్ల ఉద్యోగి తన బండి బ్యాటరీ తెచ్చి తీగలు కలిపాడు. తెర వెలిగింది. రేవు నుంచి కోర దాకా ఒక గీత ఉంది, పడవ వెళ్లిన దారి. నాన్న దారులు పాముల్లా వంకర్లు పోతాయి. ఈ గీత ఎక్కడా తొణకలేదు. స్టాపు నుంచి స్టాపుకు బస్సు వెళ్లినట్టు తిన్నగా వెళ్లి చేప బొమ్మ మీద ఆగింది. తిరుగు గీత లేదు.

నాన్న చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత వేలు పెట్టబోయాడు. వణుకుకి తెర మీద ఎక్కడెక్కడో పడుతోంది. అమ్మ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని నిలిపింది. చేప పోయి పుర్రె వచ్చింది.

"మిగతావన్నీ చెరిపేయనా నాన్నా?"

"వద్దు. ఏ బొమ్మ ఏదో సరిచేసి రేవులో పెడతా. ఎవరైనా చూసుకోనీ."

ఆ చోటికి పేరు పెట్టమని తెర అడిగింది. నాన్న నా వైపు చూశాడు. ఈ ఒక్కటి డిగ్రీ పని కాదు, అయినా నేనే కొట్టాను: డ్రైవరుగారు.

ఇప్పుడు అది రేవులో, తాళ్లు అమ్మే కొట్టు గోడకు బిగించి ఉంది. కొత్తగా పడవ కొన్నవాళ్లకు నాన్న ఒక్కొక్క చోటూ చూపిస్తాడు. మీరు ఈ రేవుకు రాకపోవచ్చు. కానీ ఎప్పుడైనా, ఎక్కడైనా, ఇంకొకరు వాడిన వస్తువు మీ చేతికొచ్చి, అమ్మినవాడు అంతా కరెక్టే అన్నప్పుడు, మూడుసార్లు ఫోన్ చేసి అడిగి, బక్కిళ్లన్నీ పెట్టుకుని, చెప్పిన దారినే తిన్నగా వెళ్లిన ఆ బస్సు డ్రైవరుగారిని ఒక్కసారి తలుచుకోండి.