రాక్షసుడి మోకాళ్ళు

మా ఆయన వాసుదేవరావు వంతెనల ఇంజినీరు. అక్కడే వచ్చింది తంటా. కాకినాడ నుంచి దక్షిణాఫ్రికాలోని నార్త్‌డేల్ వచ్చి ఏడాదైనా కాలేదు, పక్కింటి ఎరాల్ ఆటకి అంపైరైపోయారు.

ఆటంటే పేకాట కాదు. ఓ కల్పిత లోకం, అందులో రాక్షసులు, మరుగుజ్జులు, అడవిమనుషులు. ఎవరి ఎత్తెంత, బలమెంత, కొట్టుకుంటే ఎవరు గెలుస్తారో పాచికలేసి తేల్చడం. ఎరాల్ షూ ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తాడు. మనిషి ఐదడుగులు దాటడు. శనివారం మాత్రం పన్నెండడుగుల రాక్షసుడు. వారమంతా ఆ పూట కోసమే బతుకుతాడు, పాపం.

ఆ దేశం కొత్త రాజ్యాంగం రాసుకుంటున్న ఏడు అది. ఎవర్ని చూసినా రూల్స్ పిచ్చి. మా ఆయనా లెక్కలేసి ప్రకటించారు: "ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు, ఎముక బలం నాలుగు రెట్లే. ఈ రాక్షసుడు నిలబడితే మోకాళ్ళు విరుగుతాయి. శనివారం నుంచి కూర్చునే యుద్ధం చెయ్యాలి."

"కుర్చీలో రాక్షసుడా? మీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అన్నాను. వింటేగా!

"అన్నా, నా రాక్షసుడు నిలబడాల," అన్నాడు ఎరాల్, చెరుకు తోటల పనికి ఓడెక్కొచ్చిన తాతలనాటి తెలుగులో.

శనివారం కుండపోత వాన. ఎప్పుడూ వరండాలో ఆడేవాళ్ళు లోపలికి మారాల్సొచ్చింది. ఎరాల్ భార్య వెలరీ గుమ్మానికి అడ్డం నిలబడింది. వాళ్ళు చర్చిలో చేరి ముప్ఫయ్యేళ్ళైనా ఆ ఇంట్లో చెప్పులతో గడప దాటితే తిట్లే.

"షూలు బయటే, అన్నా!"

"నాకు జలుబు," అన్నారు మా ఆయన.

"సాక్సులున్నాయి కదా!"

విప్పారు. విప్పగానే మనిషి రెండంగుళాలు దిగిపోయారు. ఎరాల్‌కీ ఆయనకీ భుజాలు సమానం. ఇంట్లో నాకు తెలీని ఎత్తా? బజారుకెళ్ళినప్పుడల్లా పెరుగుతుంటే చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

ఎరాల్ చప్పున వంగి ఆ షూలు తువ్వాల్లో చుట్టేశాడు. ఈలోపే లోపల మడమల కింద ఎత్తుకోసం పెట్టిన తోలు ముక్కలు నా కంటబడ్డాయి. ఎర్రదారం కుట్టు! నా హ్యాండ్‌బ్యాగుకి అతనేసిందీ అదే. అంటే వాటిని కుట్టిందీ అతనే. ఆ గుట్టు ఒక్క మాట బయటపెడితే మా ఆయన రూలు అప్పుడే ఎగిరిపోయేది. ఆ మహానుభావుడు నోరు విప్పలేదు.

మా ఆయన తన సాక్సులకేసి చూసుకున్నారు. తర్వాత రూల్స్ కాగితం తీసి, రాసిందాన్ని కొట్టేశారు.

"రాక్షసుడు నిలబడొచ్చు."

"మరి మోకాళ్ళో?" అన్నాను. ఊరుకుంటానా!

"లోపల ఆధారం ఉంటుందిలే," అన్నారు. "బయటికి కనబడదు."

ఎరాల్ లేచి నిలబడి పాచికలు వేశాడు.