పన్నెండు దాకా

ప్రార్థనా మందిరం వంటింట్లో చిక్కుడు గింజల సూప్ పొయ్యి మీద పెట్టి, హెస్టర్ చేతులు తుడుచుకుంది. "ఎల్వుడ్, ఈ ఆదివారం నేను పన్నెండు దాకా కూర్చుంటాను. పదకొండున్నరకి నువ్వు లేచి దీన్ని కలుపు."

"సరే సరే, అదెంత పని!" అన్నాడు మొగుడు.

అదెంత పనో పద్నాలుగేళ్లుగా ఆమెకు తెలుసు. క్వేకర్లనే ఈ క్రైస్తవుల మందిరంలో పాదిరీ ఉండడు, పాటలుండవు. గంటసేపు అందరూ మౌనంగా కూర్చుంటారు. లోపల ఏదైనా కదిలితే ఎవరైనా సరే లేచి మాట్లాడవచ్చు, ఆ మాటకు ఎవరూ బదులు చెప్పరు. ఆడా మగా అంతా సమానమేనట! మరి అరగంటకే లేచి, ప్రార్థనయ్యాక అందరూ తినే భోజనాల పని చూసేది మాత్రం తనొక్కతే. "చప్పుడు కాకుండా లేచి వెళ్లడం మా హెస్టర్‌కే చేతనవును" అని అత్తగారు ఫీబీ పదిమందిలో మెచ్చుకుంటుంది. అది మెచ్చుకోవడం కాదు, వచ్చే వారానికి పని పురమాయించడం. ఒకసారి ఉండబట్టలేక గొణిగితే, "గిన్నెలు తోమడం కూడా ప్రార్థనే హెస్టర్" అన్నాడు ఎల్వుడ్. అంత గొప్ప ప్రార్థనైతే ఒక్క వారమైనా తనెందుకు చెయ్యడో! ఆ మౌనం రెండో సగంలో ఏముంటుందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

పదకొండున్నరైంది. ఎల్వుడ్ లేచాడు. హమ్మయ్య అనుకుంది హెస్టర్. అతను వంటింటి వైపు వెళ్లలేదు, అక్కడే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ప్రతి మనిషిలోనూ దేవుడి వెలుగుంది. ఎవరి పనినీ మనం చిన్నచూపు చూడకూడదు..."

పది నిమిషాలు మాట్లాడి, కూర్చుని, హాయిగా కళ్లు మూసుకున్నాడు. హెస్టర్‌కు ఒళ్లు మండిపోయింది.

అంతలో మాడు వాసన మొదలైంది. తలలు ఒక్కొక్కటే ఆమె వైపు తిరిగాయి. పొయ్యి వైపు ఒక్కరూ కదల్లేదు. ఫీబీ మోచేత్తో పొడిచింది. "అమ్మాయ్, మాడిపోతోంది, లే!"

హెస్టర్ లేచింది. ఫీబీ కాళ్లు ముడుచుకుని దారిచ్చింది. హెస్టర్ నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు.

"సూప్ మాడుతోంది," అంది, ఆ గదిలో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో. "ఇవాళ నేను వెళ్లడం లేదు. వెలుగున్న వాళ్లెవరైనా వెళ్లి పొయ్యి ఆపండి."

కూర్చుంది. ఎల్వుడ్ నోరు తెరిచి, కట్టుబాటు గుర్తొచ్చి, మూసుకున్నాడు. చెవులు ఎర్రబడగా లేచి, బూట్లు కిర్రుమంటుండగా వంటింట్లోకి నడిచాడు. మూత దబ్బున కింద పడింది.

"హెస్టర్! గరిటె ఎక్కడ పెట్టావ్?"

పన్నెండుకి ఇంకా పావుగంట ఉంది. ఇక్కడ ఎవరి మాటకూ ఎవరూ బదులు చెప్పరు. కళ్లు మూసుకుని, హెస్టర్ కూడా చెప్పలేదు.