తలుపు సందు

మూడో రోజు కూడా మా గొడవ ఓవెన్ దగ్గరే ఆగింది. మా ఆయన ఎమ్రిస్, వ్యాను కింద బిగించే బ్రాకెట్లకు నల్లరంగు వేసి, అది గట్టిపడాలని నా ఓవెన్‌లో పెట్టి కాలుస్తున్నాడు. ఆదివారం వండిన గొర్రె మాంసానికి ఆ రంగు వాసన పట్టిందని నేనన్నాను. కసాయి కొడుకుని, మాంసం వాసన నాకు తెలియదా అని అతనన్నాడు. మా అత్తగారు ప్లేటు పక్కకు జరిపి, ఎవరిది ఒప్పో తేలేలోగా తనకో రొట్టెముక్క పడేస్తే చాలంది. ఆమెను ఇంట్లో అందరం నైన్ అనే పిలుస్తాం. మా వైపు భాషలో నైన్ అంటే నాయనమ్మ; మా అమ్మాయి లౌరి పిలిచే ఆ పిలుపే అందరికీ అలవాటైంది. తుంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నాలుగు నెలలుగా మా దగ్గరే ఉంటోంది.

"ఇంకో పాత ఓవెన్ తెచ్చుకుని షెడ్డులో పెట్టుకో," అన్నాను.

"షెడ్డులో చోటేది? అంతా వ్యానేగా."

"వ్యాను లౌరిది. ఎక్కడ జరపాలో దాన్నడుగు."

ఎమ్రిస్ ఓవెన్ తలుపు కాలితో తన్ని మూశాడు. అద్దం పగల్లేదు. నైన్ తల దించుకుంది, లౌరి తలెత్తింది. నేను బంగాళాదుంపలు వడ్డించాను. అంతకు మించి ఏమీ జరగని రోజును మా ఇంట్లో మంచి రోజు కింద లెక్కేసుకునేవాళ్ళం.

ఆ వ్యాను మా మామగారు ట్రెవోర్‌ది. పలకరాతి గని ఇళ్ళ దగ్గర్నుంచి కింద రేవు దాకా ముప్పై ఏళ్ళు అందులో మాంసం తిప్పి అమ్మాడు. కొట్టు మూశాక దాన్ని తెచ్చి మా నాన్న కట్టించిన షెడ్డులో పడేశాడు. ఇరవై ఏళ్ళు అక్కడే ఉప్పుగాలి తిన్నది. రెండేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు చూస్తే వ్యానును మనవరాలి పేర రాసిపెట్టాడు. కొడుకులిద్దరినీ కాదని దానికెందుకు రాశాడో ఎవరికీ తెలియలేదు. ఎమ్రిస్ ఆ రోజంతా షెడ్డులోనే ఉండిపోయాడు.

లౌరికి ఇరవై నాలుగేళ్ళు. పడవలు కట్టే యార్డులో వెల్డింగ్ పని చేస్తుంది. ఎమ్రిస్ బస్సు డిపోలో బాడీలు బాగుచేసే మేస్త్రి. వ్యాను కింది భాగమంతా తుప్పు పట్టి పొరలు పొరలుగా ఊడుతుంటే, తండ్రీ కూతురూ కలిసి దాన్ని నిలబెడతామన్నారు. రోజూ సాయంత్రం టీ తాగి షెడ్డులోకి పోయేవాళ్ళు.

నా బెంగ వ్యాను గురించి కాదు. ఇరవై ఆరేళ్ళలో ఎమ్రిస్ నా మీద రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. లౌరి మీద ఎప్పుడూ చేసుకోలేదు. ఆ రెండోసారి, నీళ్ళ గదిలో పెదవి కడుక్కుంటూ, ఈ చెయ్యి నా కూతురి దాకా వచ్చిన రోజే ఈ కాపురానికి ఆఖరు అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోవడం తేలికే. ఇప్పుడు వాళ్ళిద్దరూ చెరో సుత్తి పట్టుకుని ఒక చోట ఉంటున్నారు. నేను వంటింట్లో చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నాను.

వసంతంలో వాహనాల పరీక్ష వస్తుందనగా మా ఊళ్ళో పాతకాలం మగవాళ్ళకో పద్ధతుండేది. బిస్కెట్ డబ్బాలు సాపుచేసి, తుప్పు చిల్లుల మీద అతికించి, లోపల సిమెంటు కూరి, పైన వేలెడు మందాన తారు పూసేవారు. పరీక్ష చేసే అతను సుత్తితో తట్టి, గట్టిగానే ఉందని రాసి పంపేవాడు. అతని బండి కిందా అదే తారు. ట్రెవోర్ ముప్పై ఏళ్ళూ అలా ఒక పొర మీద ఇంకో పొర వేస్తూ వచ్చాడు.

ఎమ్రిస్ ఆ పొరల్ని ఉలితో, సమ్మెటతో, నిప్పులు చిమ్మే కటింగ్ యంత్రంతో చీల్చాడు. ఒక్కో అతుకు ఊడినప్పుడల్లా చచ్చిపోయిన తండ్రితో మాట్లాడేవాడు. ఆ మాటలు నేనిక్కడ రాయను. కత్తులు నూరే ఇనుప కడ్డీతో ట్రెవోర్ కొడుకుల్ని కొట్టేవాడు. ఎమ్రిస్ వీపు మీద ఆ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. ఒక సాయంత్రం వ్యాను కింది దూలంలోంచి పిడికెడంత సిమెంటు గడ్డ ఊడితే, దాన్ని గోడకేసి కొట్టి, కింద పడ్డ ముక్కల్ని బూటుతో పొడి అయ్యేదాకా తొక్కాడట. లౌరి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఆ రకం వ్యానుకు ఛాసిస్ అనే కింది చట్రం వేరు, బాడీ వేరు కాదు. ఫ్లోరు, దాని కింది దూలాలు, తలుపుల కింద పొడుగునా పోయే అంచు దూలం, అన్నీ ఒకే ఒంటి ఎముకలు. కుళ్ళిన అంచును కోసెయ్యబోయే ముందు తలుపు కంతలో ఇనుప కడ్డీలు అడ్డంగా అతికించి పట్టి ఉంచాలి. లేకపోతే వ్యాను నడుము విరిగి కూర్చుంటుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. తగువొచ్చింది కడ్డీలు ఎప్పుడు అతికించాలన్న దాని మీద.

వ్యాను అప్పుడు ముందూ వెనకా స్టాండ్ల మీద ఉంది. రెండు చివర్లూ ఎత్తి ఉంచడంతో కుళ్ళిన నడుము ఇప్పటికే కిందికి వేలాడుతోందని, మధ్యలో జాకీ పెట్టి, తలుపు సందు చుట్టూ సమానమయ్యేదాకా లేపి, అప్పుడు కడ్డీలు అతికించాలని లౌరి అంది. తలుపు సందులో నాణెం పెట్టి చూపించింది. కింద నాణెం జారి పడింది, పైన దూరనే లేదు.

"నీకు పళ్ళు రాకముందు నుంచి నేను బస్సులకు కడ్డీలు పెడుతున్నా," అని ఎమ్రిస్ ముసుగు దించుకుని వెల్డింగ్ మొదలెట్టాడు.

బస్సుకు కింద వేరే ఛాసిస్ ఉంటుంది, ఎటు ఎత్తినా వంగదు. ముప్పై ఏళ్ళ అలవాటు అతని చేత ఆ తప్పు చేయించింది. లౌరి ఇంకోసారి చెప్పలేదు. ఆ తర్వాత రెండు నెలలు, తండ్రి ఎలా చెబితే అలా చేసింది. కొత్త అంచు దూలాలు, కొత్త ఫ్లోరు, ఎరుపు రంగు పూత. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

కడ్డీలు కోసేసే శనివారం మధ్యాహ్నం ఎమ్రిస్ తమ్ముడు గెథిన్ కూడా వచ్చాడు. నేను టీ పళ్ళెంతో షెడ్డు గుమ్మంలోకి వెళ్ళేసరికి ఆఖరి కడ్డీ నేల మీద పడింది. ఎమ్రిస్ తలుపు మూశాడు. పైన రాసుకుని ఆగిపోయింది. కింద వేలు పట్టేంత సందు. భుజంతో తోశాడు. వెనక్కి వచ్చి మళ్ళీ తోశాడు. మూడోసారి రంగు గీసుకుపోయి ఇనుము బయటపడింది.

గెథిన్ ఒక చెయ్యి ఫ్లోరు అంచు మీద ఆనించి నిలబడి ఉన్నాడు. "అచ్చం నాన్నేరా. ఆయన నోరూ ఏనాడూ మూసుకోలేదు," అన్నాడు.

ఎమ్రిస్ సుత్తితో తలుపు అద్దం పగలగొట్టాడు. తర్వాత తలుపు రేకు మీద నాలుగు దెబ్బలు వేశాడు. అయిదోది పక్కకు తిరిగి గెథిన్ చేతి మీద పడింది. జారి పడిన దెబ్బ కాదది. నేను చూశాను. గెథిన్ చేతిని పొట్టకు అదుముకుని నెమ్మదిగా మోకాళ్ళ మీదకు దిగాడు. అతని వేళ్ళు రెండు ఉండకూడని వైపుకు తిరిగి ఉన్నాయి. ఎమ్రిస్ అతన్ని కాలర్ పట్టి లేపి, ముఖం మీద గుద్దాడు. ముక్కులోంచి రక్తం కొత్త ఎర్రరంగు మీద పడింది.

"నాన్నా, బాబాయిని వదులు," అంది లౌరి. గొంతు పెంచలేదు. "తప్పు కడ్డీలు పెట్టిన రోజే జరిగింది. వంగి ఉన్న వ్యాను వంగినట్టే అతికించేశావు. నేను చెప్పాను."

అతను తమ్ముణ్ణి వదిలి సుత్తి విసిరాడు. లౌరి ఎడమ భుజానికీ మెడకూ మధ్య తగిలింది. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. లౌరి వ్యాను చక్రం మీద పడి కిందికి జారింది. ఎమ్రిస్ కూతురి వైపు రెండడుగులు వేశాడు. పట్టుకుని లేపడానికో, ఇంకో దెబ్బ వెయ్యడానికో నాకు ఈ రోజుకీ తెలియదు.

పళ్ళెం ఎప్పుడు వదిలేశానో గుర్తులేదు. నేల మీది కడ్డీ నా చేతిలోకి వచ్చింది. కోసిన చివర ఇంకా కాలుతోంది. అతని మణికట్టు మీద కొట్టాను. మోచేతి మీద కొట్టాను. అతను వంగాడు. వంగిన వీపు మీద, ఆ పాత గుర్తులు ఉన్న చోటే, మూడోసారి కొట్టాను. మూడోది అక్కర్లేదు. కొడుతున్నప్పుడే నాకా సంగతి తెలుసు, అయినా చెయ్యి ఆగలేదు.

"అమ్మా, చాలు," అంది లౌరి నేల మీంచి.

ఆసుపత్రికి బయల్దేరుతుంటే నైన్ కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. అందరం ఒకటే మాట చెప్పాలంది. "జాకీ జారి వ్యాను మీద పడిందనండి. ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. నాకెన్నిసార్లు మాంసం కొక్కెం తగిలిందని చెప్పుకోలేదు."

గెథిన్ నర్సుతో జాకీ జారిందనే చెప్పాడు. నర్సు లౌరిని అడిగింది. లౌరి నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. నా నోట్లోంచి కూడా అదే వచ్చింది, జాకీ జారిందని.

తిరిగొచ్చేటప్పుడు లౌరి కారు వెనక సీట్లో కూర్చుంది. కాలరు ఎముక విరిగింది, ఆరు వారాలు చెయ్యి కదపకూడదన్నారు. ఊరి మలుపు దగ్గర ఒక్క మాట మాట్లాడింది. "నువ్వు కూడా తారు పూశావమ్మా." ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎమ్రిస్ నన్ను క్షమాపణ అడిగాడు, తమ్ముడి ఇంటికి వెళ్ళి అడిగాడు, లౌరి గది తలుపు ముందు నిలబడి ఏడ్చాడు. ఏడుపు నిజమే. నేను పెదవి కడుక్కున్న రోజూ నిజంగానే ఏడ్చాడు.

మరుసటి ఆదివారం అందరినీ భోజనానికి పిలిచాను. గెథిన్ కట్టు కట్టిన చేత్తో వచ్చి, అన్నకు దూరంగా నైన్ పక్కన కూర్చున్నాడు. లౌరి మాంసం నేనే కోసిపెట్టాను. గ్రేవీ గిన్నె అందరికీ తిరిగి నా దగ్గరికి వచ్చేదాకా ఆగి, చెప్పాల్సింది చెప్పాను.

"నిన్న మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. జాకీ జారలేదని ఆ నర్సుతో చెప్పొచ్చాను. ఎవరు ఎవర్ని కొట్టారో అంతా రాసుకుంది. నేను కొట్టినవీ చెప్పాను. వాళ్ళు ఎవర్నైనా పంపితే నేనే మాట్లాడతాను."

గెథిన్ ఫోర్కు కింద పెట్టాడు. నైన్ కళ్ళు మూసుకుంది.

"ఎమ్రిస్, నీ బట్టలు సర్దిపెట్టాను. రేపు పొద్దున్నే నువ్వు నైన్ ఇంటికి వెళ్ళు. ఖాళీగానే ఉంది. నైన్ ఇక్కడే ఉంటుంది. ఈ ఇల్లు మా నాన్నది, షెడ్డూ మా నాన్నదే. రెండింట్లోకీ నేను పిలిచేదాకా రావద్దు. పిలుస్తానని కూడా అనుకోవద్దు."

అతను తల్లి వైపు చూశాడు. చిన్నప్పుడు తండ్రి గదిలోకి వచ్చినప్పుడు కూడా అలాగే ఆమె వైపు చూసేవాడేమో.

"పరుపు చెమ్మగా ఉంటుంది. వేడినీళ్ళ సీసా పట్టుకెళ్ళు," అంది నైన్, కళ్ళు తెరవకుండానే.

లౌరి నన్ను చూస్తోంది. నేను గ్రేవీ గిన్నె కింద పెట్టాను.

"వ్యాను ఎక్కడికీ పోదు," అన్నాను. "లౌరి చెయ్యి బాగయ్యాక ఆ ఫ్లోరు మళ్ళీ కోసేస్తాం. ఎక్కడ లేపాలో, ఎంత లేపాలో అది చెబుతుంది. కడ్డీలు నేను పట్టుకుంటాను."