నిచ్చెన ఎవరు తీశారు

దారాలు పోయింది మంగళవారం నాడు.

బడి నుంచి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాను. ముందుగది తలుపు బార్లా తెరిచి ఉంది. మా బావమరిది నేల మీద పాత దుప్పటి పరుచుకుని, చుట్టూ పుస్తకాల గుట్టలు పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో కొత్త బ్రష్షు. దానితో ఒక్కో పుస్తకం అట్టా, అంచులూ దులుపుతున్నాడు.

"వచ్చారా బావా! రండి రండి. ఎలా చేశానో చూడండి. ఇంక ఇవి కొంటానన్న షాపావిడ వంక పెట్టడానికి సందు లేదు."

అతను ఇళ్ళకు రంగులు వేస్తాడు. ఏ గోడనైనా ముందు గీకి, చిల్లులు పూడ్చి, దులిపిగానీ రంగు డబ్బా మూత తియ్యడు. కింద గోడ సరిగా లేకపోతే ఎంత ఖరీదైన రంగైనా పెచ్చులు లేస్తుందంటాడు. వాళ్ళక్క పుస్తకాలను కూడా అలాగే సిద్ధం చేశాడు. నాకు సెలవు దొరకదని తన పని మానుకుని వచ్చి, పొద్దుటి నుంచీ ఆ దుమ్ములో కూర్చున్నాడు. తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రబడింది.

"అక్క ఎంత చెత్త పెట్టిందో! ఏది తెరిచినా దారం ముక్కే. లాగలేక వేళ్ళు నొప్పెట్టాయి" అంటూ దుప్పటి అంచున ఉన్న ఉండను చూపించాడు. పిడికిలంత ఉంది. అన్ని రంగులూ చిక్కుపడి, ఏ రంగూ కాకుండా పోయింది.

నేను రెండో చెప్పు కూడా విప్పి గోడ పక్కన పెట్టాను.

"అన్నీ తీసేశావా?"

"ఒక్కటి మిగిలితే ఒట్టు."

"టీ తాగుతావా?" అని అడిగాను.

నా భార్య దర్జీ. ఆ ముందుగదే ఆమె దుకాణం. కుట్టుమిషను, కత్తిరించే బల్ల, ఒక అద్దం. మిగిలిన జాగా అంతా పత్రికలదీ, బొమ్మల కథల పుస్తకాలదీ. మూడు గోడలకూ పైకప్పు దాకా అరలు. అవి చాలక బల్ల కింద కట్టలు. వారపత్రికలు, మాసపత్రికలు, పిల్లల పత్రికలు, అన్నిటికంటే ఎక్కువగా నిచ్చెన మామ పుస్తకాలు. ఈ నిచ్చెన మామ వీధిదీపాలు బాగుచేసే మనిషి. పొడుగు కాళ్ళు, పొట్టి చొక్కా, భుజాన నిచ్చెన. దీపం కోసం ఎక్కుతాడు, పక్కనున్న కిటికీలోంచి ఎవరిదో గొడవ కళ్ళబడుతుంది, ఇక ఆ గొడవలో తలదూరుస్తాడు. నెలకొక పుస్తకం వచ్చేది.

ఆమె మిషను మీదే చదివేది. ఎదురుగా గోడకు పుస్తకం ఆనించి, సూటిగా పోయే పొడుగు కుట్టు వచ్చినప్పుడల్లా ఒక కన్ను అటు వేసేది. "మీ పుస్తకంలో నవ్వొచ్చిన చోటల్లా నా బట్ట మీద కుట్టు వంకర తిరుగుతోందమ్మా" అని ఒకావిడ దెప్పింది కూడా. "అయితే మీరు అదృష్టవంతులు. ఏడుపు కథ చదివేటప్పుడు కుట్టినవాళ్ళకు కొలతలే మారిపోయాయి" అంది మా ఆవిడ.

చదవడం ఆపినప్పుడు మిషను మీదున్న దారం కాస్త తెంపి ఆ పేజీలో పెట్టేది. ఆ రోజు ఏ రంగు బట్ట కుడుతుంటే ఆ రంగు దారం. పుస్తకం పూర్తయితే దారం చివరి పేజీకి చేరేది. నేను వాటిని తెరిచేవాణ్ణి కాదు. తెరవనిచ్చేది కాదు. రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు చదివినంతా నాకు చెప్పేది. సరిగ్గా దారం ఉన్నచోట ఆపి, "మిగతాది రేపు" అనేది. ఒకసారి ఆగలేక అరలో చెయ్యి పెట్టాను. "మాస్టారూ! చివరి పేజీల్లో చూసి జవాబు రాసే పిల్లల్ని మీరేం చేస్తారు?" అని వెనక నుంచి వినబడింది. చెయ్యి తీసేశాను. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు, పెరిగి ఇంటి చట్టం అయింది. నేను లెక్కల మాస్టారిని. చట్టాలంటే గౌరవం.

ఆఖరి రాత్రి చెప్పింది గడియారస్తంభం కథ. ఊరి గడియారం ముల్లు ఇరుక్కుంది. దీపాలు బాగుచేసేవాడు ముల్లు మాత్రం బాగుచెయ్యలేడా అని నిచ్చెన మామను ఎక్కించారు. ఆయన ముల్లు కదిపి కిందికి చూసేసరికి నిచ్చెన లేదు. వీధిలో పిట్ట కూడా లేదు. ఎదురింటి కిటికీలో దీపం వెలిగింది.

"నిచ్చెన ఎవరు తీశారు?" అన్నాను.

"మిగతాది రేపు."

"ఒక్క ముక్క చెప్పు. తెలిసినవాళ్ళా, దొంగా?"

"అంత తొందరైతే త్వరగా పడుకోండి. త్వరగా తెల్లారుతుంది."

మర్నాడు మధ్యాహ్నం మిషను ముందే ఒరిగిపోయింది. నాకు కబురు వచ్చేటప్పటికి తొమ్మిదో తరగతిలో వృత్తం గురించి చెబుతున్నాను. ఆసుపత్రిలో ఆమె మళ్ళీ మాట్లాడలేదు.

తర్వాత ఆ గది జోలికి నేను పోలేదు. కానీ ఒకటి తెలుసు. ఆ అరల్లో ఎక్కడో, చివరి పేజీలో కాక మధ్య పేజీలో దారం ఉన్న పుస్తకం ఒకటుంది. అది అలా ఉన్నంతకాలం నాకు ఒక రేపు బాకీ ఉన్నట్టే. దాన్ని ఖర్చు చెయ్యడానికి మనసొప్పలేదు. ఇంతలో ఇంటివాళ్ళు ముందుగది వేరేవాళ్ళకు అద్దెకు ఇస్తామన్నారు. అమ్మక తప్పలేదు. పుస్తకాలు తీసుకెళ్ళే ముందు ఆ ఒక్కటీ వెతికి తీసుకుందామనుకున్నాను. దారాల సంగతి బావమరిదికి చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు. పేజీలో దారం ఎందుకుంటుందో తెలియని మనిషి ఉంటాడని నేను ఎన్నడూ అనుకోలేదు.

బుధవారం సాయంత్రం అతను వచ్చేసరికి నేను దుప్పటి మీద కూర్చుని ఒక్కో పుస్తకం తెరిచి చూస్తున్నాను. అతను వాటిని సైజుల వారీగా, ఇటుకలు పేర్చినట్టు పేర్చాడు. ఏ సంవత్సరం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"ఏం పోయింది బావా?"

చెప్పాను. విని, అతను గోడకు జారబడ్డాడు.

"ఒక్క మాట చెప్పకూడదూ! నిన్న నా చేత టీ తాగించారే గానీ..."

"పొద్దుటి నుంచీ కష్టపడ్డావు."

"కష్టపడి కొంప ముంచాను. రెండు తిట్లు తిట్టండి బావా, నాకు హాయిగా ఉంటుంది."

"తిట్లు మీ అక్క విభాగం."

అతను నవ్వబోయి ముక్కు చీదుకున్నాడు. దారాల ఉండ చేతిలోకి తీసుకుని, ఒక కొస పట్టి లాగి, వదిలేశాడు. తర్వాత బాసిపట్టు వేసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. "గడియారస్తంభం బొమ్మ, అంతేగా? నాకు బొమ్మలు త్వరగా కనబడతాయి. మీరు ఆ గుట్ట చూడండి."

అలా మొదటిసారి నేను ఆ పుస్తకాలు తెరిచాను. చెవితో ఎరిగినవాళ్ళను కంటితో చూడటం వింతగా ఉంది. నిచ్చెన మామ నేననుకున్నంత పొడుగు లేడు. ఆయన వీధి కూడా ఇరుకే. ఆమె చెప్పినప్పుడు ఆ వీధి చివర ఒక వంతెన, దాని కింద నది ఉండేవి. ఇక్కడ గోడ ఉంది. నది వేరే పుస్తకంలో వస్తుందిలే అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం అతను "ఇదిగో!" అని కేకేశాడు. బొమ్మ నిజంగానే ఉంది. పసుపుపచ్చ గడియారం, చుట్టూ పావురాలు, ముల్లు పట్టుకుని వేలాడుతున్న నిచ్చెన మామ. పుస్తకం అందుకున్నాను. వెంటనే పేజీ తిప్పలేదు. బావమరిది లేచి, పనేదో ఉన్నట్టు వంటగదిలోకి వెళ్ళాడు. గ్లాసులు కదిలించిన చప్పుడయింది.

పేజీ తిప్పాను.

నిచ్చెన ఉంది. పెట్టినచోటే ఉంది. నిచ్చెన మామ ముల్లు బిగించాడు, దిగాడు, ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలో భార్య గరిటె పట్టుకుని "ఇప్పుడా రావడం?" అంది. "గడియారం ఆగిపోయిందిగా, టైం ఎలా తెలుస్తుంది?" అన్నాడు. కథ అయిపోయింది. పక్క పేజీలో పదాల పజిలు, సగం గళ్ళు ఆమె పెన్సిలుతో నింపినవి.

ఇంకో గడియారస్తంభం ఉందేమోనని మిగిలినవన్నీ చూశాం. లేదు. అప్పుడు నాకు బాగా గుర్తున్న కథ ఒకటి వెతికాను. వంతెన కాపలాదారు కూతురి కథ. వారమంతా చెప్పింది నాకు. ఆ పిల్ల తండ్రికి ఎదురు తిరిగిన రోజున నేను దిద్దుతున్న కాపీలు పక్కన పెట్టేశాను. పుస్తకంలో ఆ కథ ఒకటిన్నర పేజీ. కాపలాదారుకు కూతురే లేదు. ఒక కుక్క ఉంది.

"బావా" అన్నాడు అతను. నేను చదివినవన్నీ నా భుజం మీంచి అతనూ చదివాడు. "అక్క చిన్నప్పుడూ ఇంతే. సినిమా చూసొచ్చి నాకు కథ చెప్పేది. తర్వాత నేను వెళ్తే అందులో సగం ఉండేది కాదు. ఒకసారి ఏనుగు లేదని ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. 'నువ్వెళ్ళేసరికి తప్పించుకుపోయుంటుంది, పొద్దున ఆటకు నేను చూశానుగా' అంది. చాలా ఏళ్ళు నమ్మాను. సినిమాహాలు వాళ్ళ మీద కోపం కూడా ఉండేది."

"నాకు ఎప్పుడూ చెప్పలేదే?"

"మీకు తెలుసనుకున్నా. ఇన్నేళ్ళు కాపురం చేశారు."

నేను పుస్తకం మూశాను. దారం దొరికినా దొరకకపోయినా ఒకటే. నేను దాచుకున్న రేపు ఈ అరల్లో ఎక్కడా లేదు. మిషను తొక్కుతూ, సూటిగా పోయే కుట్టు మీద, రాత్రి చెప్పబోయే కథ ఆమె పగలు కల్పించేది. ఆ మర్నాటి పగలు సగమే దొరికింది ఆమెకు. నిచ్చెన ఎవరు తీశారో అప్పటికే అనుకుని ఉంటుందా, ఇంకా అనుకోలేదా, అది కూడా నాకు తెలియదు.

ఆదివారం పొద్దున అద్దెపుస్తకాల షాపావిడ వ్యాను వేసుకుని వచ్చింది. భారీ మనిషి. గుమ్మంలో నిలబడి గదంతా ఒకసారి చూసి, మొదటి గుట్ట మీది పుస్తకం తెరిచి, అరిచింది.

"నా ముద్ర! చూడండి మాస్టారూ, నా షాపు ముద్ర! ఎప్పుడడిగినా 'ఇంకా చదువుతున్నానండీ' అనేది. నా పుస్తకాలు నేనే కొనుక్కునే రాత రాశాడు దేవుడు. పోయినవాళ్ళను అనకూడదు గానీ..."

"అనండి. వింటే సంతోషించేది."

"సంతోషించి ఇంకో రెండు పట్టుకుపోయేది" అంటూ ఆవిడ పమిటతో కళ్ళు ఒత్తుకుంది. "ఇంత శుభ్రంగా ఎవరు చేశారు? పాత పుస్తకాలంటే నమ్మరు."

బావమరిది నేల చూశాడు. "అతనే. పని అతని చేతిలో పడితే అంతే" అన్నాను.

ధర దగ్గర పేచీ రాలేదు. నేను ఒక్కటే అడిగాను. "చిత్తుకాగితాల్లా కాటాకు వెయ్యరు కదా?"

ఆ మాట మా ఆవిడదే. వీటిని కాటాకు వేస్తే దయ్యమై వచ్చి మీ నల్లబల్ల నిండా బొమ్మలు గీస్తానని బెదిరించేది.

"కాటాకా! చదివేవాళ్ళకే ఇస్తాను. చిరిగేదాకా తిప్పుతాను" అంది ఆవిడ. గడియారస్తంభం పుస్తకం విడిగా బల్ల మీద ఉండటం చూసి, "ఇది మీకు ఉంచుకున్నారా?" అంది.

"లేదు. అదీ తీసుకెళ్ళండి."

వ్యాను వెళ్ళాక గది చాలా పెద్దదైంది. ఖాళీ అరల వెనక గోడ పాత రంగులో, మిగతాచోట ఎండకు వెలిసిన రంగులో ఉంది. బావమరిది గోడ మీద అరచేత్తో రాసి, "ఇది చాలా గీకాలి" అన్నాడు. దారాల ఉండ కిటికీలో ఉంది. దాన్ని తీసి నా సుద్దముక్కల డబ్బాలో పెట్టుకున్నాను.

సాయంత్రం ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. అతను ఎప్పుడూ గబగబా తినేవాడు. ఆ రోజు చెయ్యి ఆడలేదు.

"బావా, ఆ నిచ్చెన ఎవరు తీశారంటారు?"

నోరు తెరిచాను. "ముల్లు కదిపి కిందికి చూసేసరికి నిచ్చెన లేదు. వీధిలో పిట్ట కూడా లేదు. ఎదురింటి కిటికీలో దీపం వెలిగింది" అన్నాను.

"ఊఁ."

ఆ కిటికీ దగ్గరికి ఎవరినైనా రప్పించాలని చూశాను. ఎవరూ రాలేదు. నాకు ఒకరు చెప్పింది సరిదిద్దడం తెలుసు, దత్తాంశం ఇస్తే సాధించడం తెలుసు. లేనిదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం ఆమె పని.

"మిగతాది రేపు" అన్నాను.

అతను తలవంచుకుని తిన్నాడు. అప్పటి నుంచి వచ్చినప్పుడల్లా అడుగుతున్నాడు. ముందుగదిలో ఇప్పుడు కళ్ళద్దాల దుకాణం పెట్టారు. ఆ గోడలకు రంగు అతనే వేశాడు. నిచ్చెన మామ ఇంకా గడియారస్తంభం మీదే ఉన్నాడు. నిచ్చెన ఎవరు తీశారో నేనింకా చెప్పలేదు.