అల్లుడికి దక్కిన కందనకాయ

సమ్మె మొదలై మూడో రోజు. గనుల్లో పని మామూలుగానే సాగుతోందని రాజధాని లుసాకా రేడియో మధ్యాహ్నం వార్తల్లో చెప్పింది. పెరట్లో చిలగడదుంప ఆకు తుంచుతున్న బానాకసుబాకి ఒళ్లు మండిపోయింది. సాగుతోందట, సాగుతోంది! ఆ చెప్పేవాడు ఒక్కసారి ఈ గని కాలనీకొచ్చి నిలబడితే తెలుస్తుంది. పొద్దుట్నుంచి సైరన్ కూయలేదు. వీధిలో మగపురుగు లేదు. గాలి ఇటు మళ్లినప్పుడల్లా టియర్ గ్యాస్ ఘాటుకి కళ్లు మండుతున్నాయి.

ఆమె అసలు పేరు ఎవరికీ పట్టలేదు. కసుబా తల్లి గనక బానాకసుబా, మొగుడు బషికసుబా. ఆ బషికసుబా ఇరవై రెండేళ్లుగా భూమి అడుగున రాయి తొలుస్తున్నాడు. ఇవాళ గని గేటు దగ్గర సంఘం మీటింగని తెల్లవారకముందే బూట్లు తొడుక్కుని బయల్దేరాడు. నీ మోకాలితో పరిగెత్తలేవు, ఇంట్లో పడుండవయ్యా అని ఆమె మొత్తుకుంది. వింటేగా! పదింటికి గేటు వైపు తుపాకులు పేలాయి. అప్పట్నుంచి ఆమె ప్రాణం ప్రాణంలో లేదు. కబురు తెప్పించుకుందామన్నా, ఇరుగుపొరుగంతా గేటు దగ్గరే ఉన్నారు. కూతురు కసుబా మొక్కజొన్న పిండి కోసం పొద్దున్నే క్యూలో నిలబడింది.

మూడింటి వేళ కంచె బయట మెల్లగా చప్పట్లు వినిపించాయి. పెద్దల ముందు మర్యాదగా కొట్టే చప్పట్లు. తలెత్తి చూస్తే అల్లుడు కటోంగో, ఇటు వీపు పెట్టి గొంతుకూర్చుని ఉన్నాడు.

ఈ అల్లుడంటే ఆమెకు చిన్నచూపు. గని మనిషి వస్తాడనుకుంటే సంతలో కుట్టుమిషను తొక్కేవాడు వచ్చాడు. అత్త తన చేత్తో వండి ఇంట్లోకి పిలిచేదాకా అల్లుడు ఆమె ముఖం చూడకూడదు, పలకరించకూడదు. దారిలో ఎదురైతే పొదల్లోకి తప్పుకోవాలి. మిగతా ఇళ్లలో ఏడాది తిరక్కుండా ఆ వంట అయిపోతుంది. ఈవిడ మూడేళ్లుగా నానుస్తోంది. ఓసారి వానలు పడలేదంది, ఓసారి కోళ్లు బలవలేదంది. కాలనీలో నవ్వుకోనివాళ్లు లేరు. కటోంగో మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

అతను వీపు తిప్పకుండానే ఒక గుడ్డమూటని వెనక్కి, కంచె కింది సందులోంచి లోపలికి నెట్టి కాస్త దూరం జరిగాడు. ఆమె మూట విప్పింది. బూట్లు. ఎడమదానికి తాడు బదులు రాగితీగ కట్టి ఉంది. బషికసుబావే.

గని లోపల మనిషి పోతే ముందుగా ఇల్లు చేరేవి బూట్లే. ఆరేళ్ల కిందట ఎదురింటికి అలాగే వచ్చాయి. బానాకసుబా ఉన్నచోటే కూలబడి, బూట్లు గుండెలకి అదుముకుని గొల్లుమంది.

కంచె అవతల కటోంగో హడలిపోయాడు. మధ్యలో మాట అందించే మనిషి లేడు. దగ్గర్లో తిరుగుతున్న ఎర్రకోడితో చెప్పుకున్నాడు. "కోడీ కోడీ, ఇంటావిడకి చెప్పవే, మామయ్య క్షేమమని." ఆ ఏడుపులో అతని మాట ఎక్కడ వినబడుతుంది? కోడి బెదిరి పొయ్యి వెనక్కి పారిపోయింది.

ఇక ఆచారం గీచారం పక్కనబెట్టి కంచె దూకాడు కటోంగో. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. మూడేళ్లలో మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"అత్తమ్మా, ఏడవకండి. మామయ్య బతికే ఉన్నాడు. గని బూట్లు కనబడితే చాలు, పోలీసులు పట్టుకుపోతున్నారు. అందుకని నా కొట్లో విప్పేసి, వాగు వెంబడి చుట్టూ తిరిగి వస్తున్నాడు. మోకాలు కదా, నడక నెమ్మది."

ఆమె చేతులు విడిపించుకుని ముక్కు చీదింది.

"మరి ఆ ముక్క ముందే ఏడవచ్చుగా! నా గుండె ఆగిపోయేది."

"ఎలా చెప్పనండీ? మీరు నాకింకా వండిపెట్టలేదుగా."

బానాకసుబా అతన్ని ఎగాదిగా చూసింది. అతని అరచేతులు కంచె ముళ్లకి చీరుకుపోయి ఉన్నాయి. ఆమెకి ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగక మళ్లీ ఏడ్చింది. కళ్లు తుడుచుకుని లేచి, పొయ్యి వెనక దాక్కున్న ఎర్రకోడిని పట్టుకుంది.

పొద్దు వాలేవేళకి కాళ్ల నిండా బురదతో బషికసుబా కుంటుకుంటూ వచ్చాడు. తన పీట మీద అల్లుడు కూర్చుని కసుబా తెచ్చిన పిండితో చేసిన ముద్ద తుంచుకుని తింటుంటే, ఎదురుగా అత్త కూరగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. మూడేళ్లు పోరినా జరగనిది కళ్ల ముందు జరుగుతుంటే కాసేపు గుమ్మంలోనే ఉండిపోయాడు. తర్వాత ఆకలి గుర్తొచ్చి, గిన్నెలో గరిటె పెట్టి దేవాడు. పెళ్లయిన ఇరవై ఐదేళ్లుగా ఏ కోడి కోసినా కందనకాయ అతనిదే.

"నా కందనకాయేదే?"

"అల్లుడు తిన్నాడు," అంది బానాకసుబా, మొగుడి బురదకాళ్లు కడగడానికి చెంబు ముంచుతూ. "నాకు నువ్వు దక్కావు, చాలు. మెడ ముక్క ఉంచా, కూర్చో."

బషికసుబా నేల మీద కూర్చుని కాళ్లు చాపాడు.